చదును నేల ఎవరిది? లోయ ఊళ్ల తోటలు, పార్కులు, అడవుల మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఒకావిడ "కొండల మధ్య లోయలో ఇల్లు తీసుకుంటున్నాం, తోట పెంచుకోవడం తేలికేనా అండీ" అని అడిగితే "చదును నేల దొరికితే తేలికే" అని ఒక్క లైన్‌లో చెప్పి తప్పించుకున్నా. దాని మీద వచ్చినన్ని మెసేజ్‌లు ఈమధ్య ఈ కాలమ్‌కి దేనికీ రాలేదు. ఒకరు మొక్కల గురించి, ఒకరు ఎలుగుబంటి గురించి, ఒకరు సైకిల్ గురించి అడిగారు, చదువుతూ పోతే అన్నిట్లో లోపలి గొడవ ఒకటే, నేను తేలిగ్గా అనేసిన ఆ చదును నేలే. లోయలో అది ఉండేదే కాస్త, ఊరికీ అదే కావాలి, ఏటికీ అదే కావాలి, చలికాలం పైనుంచి దిగొచ్చే జంతువులకీ అదే కావాలి. అందుకని ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేశా. పేర్లు తీసేశాను, ప్రశ్నలు కొంచెం కుదించాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మా ఇల్లు లోయ అడుగున ఏటి దగ్గర. మా ఫ్రెండ్ వాళ్లది ఇదే ఊళ్లో కొండవాలు మీద, మాకన్నా ఓ 150 మీటర్లు పైన. ఎత్తుకి వెళ్లేకొద్దీ చలి ఎక్కువ అంటారు కదా, మరి వాళ్ల డాలియాలు ఇంకా పూస్తున్నాయి, మావి మాత్రం ఒక్క రాత్రిలో నల్లబడి వాలిపోయాయి. మందు ఏమైనా కొట్టాలా?

జవాబు: మందు జోలికి వెళ్లకండి, మీ మొక్కలకి రోగం ఏం లేదు, ఉన్న చోటే రోగం. ఎత్తుకి వెళ్తే చల్లబడుతుందన్నది నిజమే, సగటున 1000 మీటర్లకి 6.5 డిగ్రీల లెక్క. కానీ అది గాలి బాగా కలిసినప్పటి సంగతి. మబ్బు లేకుండా గాలి ఆడకుండా ఉన్న రాత్రి ఏం అవుతుందంటే, నేల తన వేడంతా ఆకాశానికి వదిలేస్తుంది, నేలని ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కుతుంది, బరువెక్కిన గాలి వాలు పట్టుకుని మెల్లగా కిందికి జారుతుంది. నీరు పల్లమెరుగు అంటారు కదా, చల్లగాలికీ అదే సామెత వర్తిస్తుంది. అలా జారిందంతా తెల్లారేసరికి మీ పెరట్లో చెరువులా నిలబడుతుంది, మీ ఫ్రెండ్ ఇల్లు ఆ చెరువు గట్టు మీద ఉంది, అంతే తేడా. కొండ ప్రాంతాల్లో పండ్లతోటలూ ద్రాక్షతోటలూ చాలాచోట్ల అడుగున కాకుండా వాలు మధ్యలో కనిపించేది ఇందుకే.

ఇది ఎంత దూరం పోతుందో చెప్తా వినండి. ఆస్ట్రియా ఆల్ప్స్‌లో గ్రూన్‌లోఖ్ అని గిన్నెలాంటి పల్లం ఒకటి ఉంది, అక్కడ మైనస్ 50 డిగ్రీలు దాటి చలి కొలిచారు. అక్కడ చెట్లు గిన్నె అంచు మీద ఉంటాయి, కాస్త దిగితే పొదలు, ఇంకా దిగితే ఒట్టి గడ్డి. మామూలు కొండ మీద కింద చెట్లు, పైన గడ్డి కదా, ఇది సరిగ్గా తలకిందులు. అమెరికాలో యూటా రాష్ట్రంలో పీటర్ సింక్స్ అనే అలాంటి పల్లంలోనే 1985 ఫిబ్రవరి 1న మైనస్ 56 డిగ్రీలు నమోదైంది, అక్కడా అడుగున చెట్లు పెరగవు.

మీరు చెయ్యగలిగింది ఏంటంటే, ముందు మీ తోటకి దిగువ వైపు గోడ గానీ దట్టమైన కంచె గానీ ఉందేమో చూడండి. ఉంటే అది ఆనకట్ట లెక్క, వచ్చిన చల్లగాలిని పోనివ్వకుండా మీ మొక్కల మీదే నిలబెడుతుంది, కింద ఒక సందు తెరిస్తే చాలావరకు జారిపోతుంది. కంచె కావాలంటే ఎగువ వైపు పెట్టుకోండి, గాలి పక్కలకి మళ్లుతుంది. ఇక మంచు పట్టేలా ఉన్న రాత్రి చీకటి పడకముందే మొక్కల మీద గుడ్డ కప్పి అంచులు నేలకి తగిలేలా వదలండి, లోపల దాచేది నేల వేడిని కాబట్టి మొక్క మెడకి మూటలా బిగిస్తే లాభం లేదు. తెల్లారి ఎండ రాగానే తీసెయ్యండి. గట్టి హిమపాతం పడితే మాత్రం పాపం మొక్కలు అని దులపడం మొదలుపెట్టకండి, కొమ్మలు విరిగేంత బరువుంటే తప్ప, నేల మీద పేరుకున్న ఆ మంచు వేళ్లకి దుప్పటి.

ప్రశ్న: మా ఊళ్లో ఏటి పక్కన పొడవాటి జాగా ఉంది. పార్కు అని బోర్డు ఉంది గానీ లోపల పొదలు, పడిపోయిన చెట్లు, బురద తప్ప ఏం లేవు. ఊళ్లో చదునుగా ఉన్నదే అదొక్కటి. శుభ్రంగా లాన్ వేసి, బెంచీలు పెట్టి, సగం పార్కింగ్‌కి ఇస్తే ఎంత బాగుంటుంది, ఎందుకు అలా వదిలేశారు?

జవాబు: "ఊళ్లో చదునుగా ఉన్నదే అదొక్కటి" అని మీరే రాశారు చూడండి, జవాబు సగం అందులోనే ఉంది. ఆ చదును ఎవరు చేశారనుకుంటున్నారు, ఆ ఏరే. వందల ఏళ్లుగా పొంగినప్పుడల్లా అక్కడికొచ్చి ఒండ్రు పరిచి వెళ్లింది, అది దాని పడకగది అన్నమాట, మనం ఖాళీగా ఉంది కదా అని చూస్తున్నాం.

అమెరికాలోని సౌత్ డకోటాలో ర్యాపిడ్ సిటీ అని ఊరు, బ్లాక్ హిల్స్ కొండల్లోంచి ఏరు బయటికొచ్చే చోట ఉంటుంది. 1972 జూన్ 9 సాయంత్రం మబ్బు కొండల మీద కదలకుండా నిలబడిపోయి కురిసింది, కొన్నిచోట్ల ఆరు గంటల్లో 15 అంగుళాల వాన, ఆ నీళ్లన్నీ ఇరుకు కోనల్లోంచి రాత్రికి రాత్రి ఊరి మీదికొచ్చాయి, 238 మంది చనిపోయారు. ఏటి గట్టున ఇళ్లున్నాయి, జనం నిద్రపోయే వేళ. ఆ తర్వాత ఆ ఊరు గోడలు కట్టి మళ్లీ అక్కడే ఇళ్లు వేసుకోలేదు. వరద దారిలో ఉన్నవాళ్లని వేరేచోటికి మార్చి, ఏటి పొడవునా ఆ జాగా అంతా పార్కులకి, నడక దారులకి, సైకిల్ దారులకి, ఒక గోల్ఫ్ కోర్సుకి వదిలేసింది. ఇప్పుడు అక్కడ వరదొస్తే మునిగేది గడ్డి. పార్కు అంటే అలంకారం అనుకుంటాం గానీ లోయలో అది చాలాసార్లు ఊరి ప్రాణానికి కట్టిన ప్రీమియం లాంటిది.

పొదల సంగతి. ఏటి గట్టున విల్లో లాంటి పొదల వేళ్లే గట్టుని పట్టుకుని ఉంటాయి, లాన్ గడ్డికి అంత లోతు వేళ్లుండవు, రెండు పొంగులకి గట్టు అంచు పెళ్లలుగా ఊడిపోతుంది. పొదల నీడ వల్ల నీళ్లు చల్లగా ఉంటాయి, ట్రౌట్ లాంటి చేపలకి ఆ చల్లదనం కావాలి. పడిపోయిన చెట్టు ప్రవాహాన్ని ఆపి మడుగులు చేస్తుంది, చేపపిల్లలు అక్కడ పెరుగుతాయి. ఇంకోటి, మీరు ఎండాకాలంలో చూసి రాసినట్టున్నారు, చలికాలం తెల్లవారుజామున ఒకసారి వెళ్లి చూడండి. పైన నడుము లోతు మంచు పడితే జింకలూ, ఎల్క్ అనే పెద్ద జింకలూ మేత దొరికే ఈ చదునుకే దిగుతాయి. ఆ రోజుల్లో వాటికి పరిగెత్తడమంటే ఒంట్లో దాచుకున్న కొవ్వు ఖర్చు చెయ్యడమే, కాబట్టి కుక్కని తీసుకెళ్తే పట్టీ వదలకండి, అది సరదాగా తరిమినా అక్కడ సరదా కాదు.

బెంచీలు మాత్రం అడగండి, తప్పులేదు. ఊరికి దగ్గరున్న కొసన కొంచెం లాన్, పిల్లలకి ఉయ్యాల, పెద్దవాళ్లకి చదును బాట, మిగతాది అలాగే, ఇలా పంచుకోవచ్చు. పార్కింగ్‌కి మాత్రం నేను ఓటెయ్యను.

ప్రశ్న: ఊరి పార్కులో సైకిల్ తొక్కనిస్తారు, పక్క అడవిలో కూడా తొక్కనిస్తారు, ఇంకో రెండు కిలోమీటర్లు పైకెళ్తే వైల్డర్‌నెస్ అని బోర్డు పెట్టి ఆపేస్తారు. చెట్లు అవే, దారి అదే. సైకిల్‌కి పొగ కూడా రాదు. ఇదేం లాజిక్?

జవాబు: కోపం న్యాయమే, కానీ ఆ బోర్డు అమెరికాలో చూసి ఉంటే దాని వెనక ఒక చట్టం ఉంది. 1964 సెప్టెంబర్ 3న అప్పటి అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం పెట్టిన వైల్డర్‌నెస్ చట్టం. దాన్ని రాసింది ముఖ్యంగా హోవర్డ్ జానైజర్ అనే ఆయన, ఏళ్ల తరబడి తిరగరాసి తిరగరాసి, తీరా సంతకానికి నాలుగు నెలల ముందు పోయారు పాపం. ఆ చట్టం ఆపింది పొగని కాదు. మోటార్లూ వద్దు, చక్రాల మీద యాంత్రికంగా పోయే బండ్లూ వద్దు అని ఉంది, దాని కింద సైకిల్ కూడా ఆగిపోయింది. అక్కడ దారికి అడ్డంగా చెట్టు పడితే సిబ్బంది కూడా మామూలుగా మోటారు రంపం వాడరు, ఇద్దరు అటూ ఇటూ పట్టుకుని లాగే పాత రంపమే. మనిషి అక్కడికి చుట్టంలా వచ్చి పోవాలి గానీ కాపురం పెట్టకూడదు అన్నది దాని ఉద్దేశం, చుట్టం ఎంత మెల్లగా వస్తే చోటు అంత పెద్దగా ఉంటుంది. నడిచేవాడికి ఒక రోజు పట్టే లోయ సైకిల్ వాడికి రెండు గంటలే కదా, మరి జంతువు దాక్కునే దూరం కూడా అంతకంతా తగ్గిపోయినట్టేగా.

దీనికన్నా గట్టి రూల్స్ కూడా ఉన్నాయి. స్విట్జర్లాండ్‌లో ఎంగడీన్ లోయ పక్కన 1914 ఆగస్టు 1న మొదలైన నేషనల్ పార్క్‌లో సైకిల్ మాట అటుంచండి, గుర్తు పెట్టిన దారి దిగి పక్కకి అడుగేయకూడదు, పట్టీ కట్టినా కుక్కని తేకూడదు, పువ్వు కొయ్యకూడదు, ఆరుబయట రాత్రి పడుకోకూడదు. దాంతో పోలిస్తే మీ బోర్డు చాలా మంచిది. అయితే ఒక మాట, ప్రతి అడవికీ ఈ రూల్స్ పెట్టాలని నేను అనను, ఊరికి దగ్గర అడవిలో సైకిళ్లు తిరగాలి, పిల్లలు అరవాలి. అన్నీ అక్కడే దొరికితే పైకి ఎగబడే జనం తగ్గుతారు, పైన ప్రశాంతంగా ఉంటుంది.

ప్రశ్న: మా పెరట్లో యాపిల్ చెట్టుకి ఎలుగుబంటి వస్తోంది. పిల్లలు కిటికీలోంచి చూసి తెగ సంబరపడుతున్నారు. మేం దూరంగానే ఉంటున్నాం, అది కూడా ఏమీ అనడం లేదు. ఇలా వదిలేస్తే పర్లేదా?

జవాబు: మీకు పర్లేదేమో, దానికి పర్లేదు అని మాత్రం చెప్పలేను. ఆకురాలు కాలంలో నల్ల ఎలుగు శీతాకాలం నిద్రకి ముందు రోజుకి 20,000 క్యాలరీల దాకా తింటుంది. కొండ మీద చిన్న చిన్న అడవి పళ్లతో అంత పోగెయ్యాలంటే దానికి రోజంతా పని, మీ యాపిల్ చెట్టు దగ్గర అయితే అరగంట. రుచి మరిగిందంటే ఇంక వదలదు, చెట్టు అయ్యాక చెత్తడబ్బా, అదయ్యాక పక్షులకి వేసిన గింజల డబ్బా, ఆ తర్వాత పక్కింటి కిచెన్ తలుపు. ఆ తలుపు దాకా వచ్చిన ఎలుగుని మత్తిచ్చి దూరంగా వదిలినా చాలాసార్లు తిరిగొస్తుంది, ఆ తర్వాత ఇంక తుపాకీయే. మీ పిల్లలు చూసే సినిమాకి క్లైమాక్స్ అది, అందుకే సంబరం ఇప్పుడే ఆపండి.

కాయలు పండక ముందే కోసెయ్యండి, రాలినవి ఏ రోజుకారోజు ఏరండి, చెత్త బయట పెట్టేది బండి వచ్చే పొద్దున్నే పెట్టండి, ముందు రాత్రి వద్దు. అంత ఓపిక లేకపోతే చెట్టు తీసేసి కాయలు కాయని చెట్టు పెట్టుకోండి. కెనడాలో బో లోయలో కెన్మోర్ అనే ఊళ్లో పండ్ల చెట్లు తీసేసేలా ఊరే ప్రోత్సహిస్తుంది, సరిగ్గా ఈ కారణానికే. నాకు చెట్టు కొట్టమని చెప్పడం ఇష్టం ఉండదు, ఈ కాలమ్ చదివేవాళ్లకి తెల్సు, అయినా చెప్తున్నా.

ఆ బో లోయ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే చదును నేల గొడవ అక్కడ కనిపించినంత స్పష్టంగా ఎక్కడా కనపడదు. కెన్మోర్‌కి ఎగువన బాంఫ్ అని ఊరు, అది కెనడా మొదటి నేషనల్ పార్క్ లోపలే ఉంది, 1885లో వేడినీటి ఊటల చుట్టూ కాస్త జాగా రిజర్వు చేయడంతో ఆ పార్క్ మొదలైంది. ఊరి సరిహద్దు గీసేశారు, ఇంక పెరగడానికి లేదు. డబ్బుందని ఎవరు పడితే వాళ్లు అక్కడ కాపురం పెట్టలేరు, ఆ ఊళ్లో పనో వ్యాపారమో ఉండాలి. అంత చేసినా ఆ సన్నటి లోయలో ఊరు, రైలు, పెద్ద హైవే, నది అన్నీ పక్కపక్కనే ఇరుక్కుని ఉన్నాయి, తోడేళ్లూ ఎలుగులూ ఎల్క్‌లూ తిరగాల్సింది కూడా అక్కడే, రెండు వైపులా రాతి గోడల్లాంటి కొండలు కదా, ఇంక ఎటు పోతాయి. బండ్ల కింద పడి చచ్చిపోతుంటే హైవేకి రెండు పక్కలా కంచె వేసి, దాటడానికి రోడ్డు కింద 38 సొరంగ దారులు, రోడ్డు మీద నుంచి చెట్లు పెంచిన 6 వంతెనలు కట్టారు. బండ్లకి జంతువులు తగిలే ప్రమాదాలు 80 శాతానికి పైగా తగ్గాయి. ఇందులో నాకు బాగా నచ్చింది ఏంటంటే, గ్రిజ్లీ అనే పెద్ద ఎలుగులూ ఎల్క్‌లూ వెడల్పాటి వంతెనలు ఇష్టపడితే కూగర్ అనే పెద్ద అడవి పిల్లులూ నల్ల ఎలుగులూ చీకటి ఇరుకు సొరంగాలు ఇష్టపడ్డాయి, అది కూడా కట్టిన వెంటనే రాలేదు, గ్రిజ్లీలకి నమ్మకం కుదరడానికి కొన్నేళ్లు పట్టింది. తల్లి దాటడం చూసి పిల్లలు నేర్చుకున్నాయి.

మీ ఊరు అంత ఖర్చు పెట్టలేకపోవచ్చు. కానీ మీ పెరటి కంచె ఏ జంతువు దారికి అడ్డం పడుతోందో ఒకసారి చూసుకోవడానికి ఖర్చేం లేదు.

ప్రశ్న: ఊరి వెనక కొండ చాలా బోడిగా ఉంటోంది. లూపిన్ గింజలు ఓ సంచీ తెచ్చి చల్లేద్దామనుకుంటున్నాం, రంగురంగులుగా ఉంటుంది, నేలకి నత్రజని కూడా పడుతుంది అంటారు.

జవాబు: దయచేసి వద్దు. లూపిన్ అందంగానే ఉంటుంది, దాని గొడవే అది. న్యూజిలాండ్ సౌత్ ఐలాండ్‌లో కొండల మధ్య నదులు గులకరాళ్ల మీద జడపాయల్లా విడిపోయి పారతాయి, ఆ బోడి గులకల మీదే గుడ్లు పెట్టే పక్షులున్నాయి, రైబిల్ అనీ బ్లాక్ స్టిల్ట్ అనీ. ముక్కు పక్కకి వంగి ఉండే పక్షి ప్రపంచంలో ఆ రైబిల్ ఒక్కటే. తోటల్లోంచి తప్పించుకున్న లూపిన్ ఆ గులకల్ని కప్పేసింది, పక్షికి చోటు పోయింది, పొదల్లో దాక్కుని వచ్చే వేట జంతువులకి వీలు దొరికింది. టూరిస్టులు మాత్రం ఆ ఊదా పూల ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. అక్కడే క్వీన్స్‌టౌన్ చుట్టూ కొండల మీద డగ్లస్ ఫర్ చెట్లు కూడా అంతే, మనుషులు నాటిన చోటు నుంచి గాలికి గింజలు ఎగిరి కొండలు కమ్మేస్తుంటే ఇప్పుడు కూర్చుని నరుకుతున్నారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల.

పైగా బోడి అని మీరంటున్న కొండ నిజంగా బోడిదేనా, మోకాళ్ల మీద కూర్చుని చూశారా ఎప్పుడైనా? పచ్చటి మెత్తలా రాతికి అతుక్కుని మాస్ క్యాంపియన్ అని ఒక మొక్క ఉంటుంది, పళ్లెమంత మెత్త అయ్యేసరికి దానికి ఎన్నో దశాబ్దాలు పట్టొచ్చు, కొన్ని మూడొందల ఏళ్లు కూడా బతుకుతాయి. గాలి కొట్టినా మెత్త లోపల వెచ్చగా ఉంటుంది కాబట్టి వేరే మొక్కలు కూడా దాని ఒళ్లో మొలుస్తాయి. మీ బూటు కింద పడేది అదే.

ప్రశ్న: అయితే ఆ కొండ మొక్కల్ని ఇంట్లో రాళ్లు పేర్చి పెంచుకోవచ్చా? రెండుసార్లు ట్రై చేశా, చలికాలం దాటలేదు.

జవాబు: పెంచుకోవచ్చు, కానీ కొండ మీద నుంచి పీక్కురాకండి, నర్సరీలో గింజల నుంచి పెంచినవి కొనుక్కోండి. మీ మొక్కల్ని చంపింది బహుశా చలి కాదు, తడి. పైన అవి చలికాలమంతా పొడి మంచు కింద హాయిగా పడుకుంటాయి, కింద మనింట్లో వాన, కరిగిన మంచు, మళ్లీ గడ్డ కట్టడం, వేళ్లు కుళ్లిపోతాయి. సారవంతమైన మట్టి, ఎరువు అని ప్రేమ చూపించకండి, సగానికి పైగా కంకర కలపండి, మొక్క మెడ చుట్టూ కూడా రెండు వేళ్ల మందాన కంకరే వెయ్యండి. రాళ్లు అందానికి పెట్టినట్టు నిలబెట్టకుండా మూడొంతులు పాతెయ్యండి, వేళ్లు ఆ రాతి కిందికి చేరి చల్లగా ఉంటాయి. వీలైతే ఒక మంచి కొండ తోట చూసి రండి, స్విట్జర్లాండ్‌లో షీనిగె ప్లాటె మీద దాదాపు 2000 మీటర్ల ఎత్తులో 1929 నుంచి ఒకటి ఉంది, కొలరాడోలో వేల్ ఊళ్లో బెట్టీ ఫోర్డ్ పేరు మీద 2500 మీటర్ల ఎత్తులో ఇంకోటి ఉంది. ఏ మొక్క రాతి సందులో పెట్టారో, ఏది తడిలో పెట్టారో చూస్తే సగం చదువు అయిపోయినట్టే.

ప్రశ్న: మా లోయ పైన పచ్చిక బయళ్లలో తరతరాలుగా గొర్రెలు మేపేవాళ్లు. ఇప్పుడు రక్షిత ప్రాంతం అని ఆపేస్తామంటున్నారు. మనిషిని తీసేస్తే ప్రకృతి దానంతట అదే బాగుపడుతుంది అంటారు, నిజమేనా?

జవాబు: ఈ ప్రశ్నకి అవును అని గానీ కాదు అని గానీ ఒక్క ముక్కలో చెప్పేవాళ్లని నమ్మకండి. ఉత్తరాఖండ్‌లో వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ అందరికీ తెల్సిందే, 1931లో కామెట్ శిఖరం ఎక్కి తిరిగొస్తూ ఫ్రాంక్ స్మైత్ అనే బ్రిటిష్ పర్వతారోహకుడు అటు దిగి బయటి ప్రపంచానికి చెప్పాడు. గొర్రెల కాపరులకి అది ఎప్పట్నుంచో తెలుసు, వాళ్లు ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు, అంతే. 1982లో నేషనల్ పార్క్ చేశారు, మేపడం ఆపేశారు, 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వచ్చింది. మేత ఆగాక ఏమైందంటే పాలిగోనమ్ అనే ఏపుగా మనిషెత్తు పెరిగే మొక్క విస్తరించి చిన్న పూలమొక్కల మీద నీడ కప్పేయడం మొదలైంది, అటవీశాఖ వాళ్లు ఏటా దాన్ని పీకిస్తున్నారు. గొర్రెలు ఉండుంటే తొక్కి తిని అదుపులో పెట్టేవి అని కొందరు, కాదు, ఒకప్పుడు మందలు తొక్కి పాడు చేసిన చోటా కొండచరియ జారిన చోటా అది లేస్తోంది అని ఇంకొందరు. ఇద్దరి మాటలోనూ పస ఉంది.

యోసెమిటీ లోయ ఇంకో పాఠం. 1851లో సైనికులొచ్చి అక్కడి అహ్వానీచీ జనాన్ని తరిమారు, 1864లో లింకన్ ఆ లోయని జనం కోసం కాపాడాలని కాలిఫోర్నియాకి అప్పగించాడు. వచ్చినవాళ్లందరూ ఆహా తోటలా ఉంది అని మురిసిపోయిన ఆ విశాలమైన పచ్చిక, ఓక్ చెట్లు, అవి వాటంతట అవే అలా లేవు, ఆ జనం కావాలని అప్పుడప్పుడూ నిప్పు పెట్టి అలా ఉంచారు. వాళ్లని పంపేసి నిప్పు ఆపేసరికి కొన్ని దశాబ్దాల్లో సూదాకు చెట్లు బయళ్ల మీదికి నడిచొచ్చేశాయి. 1970ల నుంచి పార్కువాళ్లే లెక్క ప్రకారం మళ్లీ నిప్పు పెడుతున్నారు.

మరి ఇందాక చెప్పిన స్విస్ పార్క్‌లో? అక్కడా మేపడం ఆపేశారు, పాత పశువుల బయళ్లని అడవి కమ్మేస్తుందనుకున్నారు, కమ్మలేదు, ఎర్ర జింకలు తిరిగొచ్చి వాటిని మేసి మేసి పొట్టిగడ్డిగానే ఉంచుతున్నాయి. అంటే ఎవరో ఒకరు మెయ్యాలి. జింక ఉందా, ఎంత ఉంది, లేకపోతే ఎన్ని గొర్రెలు, ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఇది అడగాల్సింది. మీటింగ్ పెడితే వెళ్లి, ఒక వాలులో మేపి ఇంకో వాలులో ఆపి పదేళ్లు కొలవమని అడగండి. ఆ కొలిచేవాళ్ల పక్కన మీ ఊరి ముసలి కాపరి ఒకరు ఉండేలా చూసుకోండి, ఏ గడ్డి ఎప్పుడు లేస్తుందో ఆయన కాళ్లకి తెలుసు.

ప్రశ్న: అమ్మానాన్నలతో కొండ ఊరికి వెళ్తున్నాం, చిన్న ట్రెయిలే, కిందనుంచి చూస్తే తేలిగ్గానే ఉంది.

జవాబు: దూరపు కొండలు నునుపు. ఊరు 2500 మీటర్లు దాటి ఉంటే మొదటి రోజు ఊరి పార్కులో తిరిగి పడుకోండి, 3000 దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్ల కన్నా పెంచకండి. తలనొప్పి, వికారం మొదలైతే ఇంక పైకి వద్దు, తగ్గకుండా పెరుగుతుంటే కిందికి దిగిపోవడమే మందు. పొద్దున్నే బయల్దేరండి, ఎండాకాలం కొండల మీద ఉరుములు ఎక్కువగా మధ్యాహ్నమే. వంపులు తిరిగే దారిలో అడ్డదారి తొక్కకండి, మీరు వేసిన ఆ గీత వెంటే వచ్చే వాన పారి కాలవ చేస్తుంది. నేనూ ఒకప్పుడు తొక్కినవాడినే, మరుసటేడు వెళ్తే నా అడ్డదారి మోకాలు లోతు గొయ్యి అయి కూర్చుంది.

ప్రశ్న: మా ఇంటి పైవాలులో దట్టమైన అడవి. శిఖరం అస్సలు కనపడదు. ఓ ఇరవై చెట్లు కొట్టిస్తే వ్యూ అదిరిపోతుంది. పర్మిషన్ అడగొచ్చా?

జవాబు: స్విట్జర్లాండ్‌లో ఆండర్‌మాట్ అని ఊరుంది, చుట్టూ బోడి వాలులు, ఊరి నెత్తిన మాత్రం ముక్కోణంలా ఒక్క చిన్న అడవి ముక్క. ఆ ముక్కని ముట్టుకోకూడదని ఊరివాళ్లు 1397లోనే రాసుకున్నారు. చెట్టు సరే, కొమ్మ విరవకూడదు, కింద పడ్డ కాయ కూడా ఏరుకోకూడదు, ఊరివాడైనా సరే. మంచుదేశంలో, పొయ్యిలోకి కట్టె తప్ప ఇంకోటి లేని రోజుల్లో ఆ మాట అనుకున్నారంటే వాళ్లు ఏం చూసి ఉంటారో ఆలోచించండి. కొండ మీద పేరుకున్న మంచు ఒక్కసారిగా ఊరి మీదికి జారడం, అదే అవలాంచ్ అంటారు, మొదలయ్యేది ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులో, అక్కడ చెట్లు నిలబడి ఉంటే మంచు పొరలు ఒకే పలకలా పేరుకోవు, జారడం మొదలే అవ్వదు. పైనెక్కడో మొదలై ఊపు మీద వచ్చేదాన్ని మాత్రం చెట్లు ఆపలేవు, అది చెట్లని కూడా తెస్తుంది.

ఫోన్‌లో వాలు కొలిచే యాప్ ఉంటుంది, ముందు దానితో పైవాలు ఎన్ని డిగ్రీలో చూడండి. 30 దాటిందంటే పర్మిషన్ మాట కూడా ఎత్తకండి, పక్కింటివాళ్లకి తెలిస్తే మిమ్మల్ని పలకరించరు. శిఖరం చూడాలంటే కిటికీ ఇంకో గోడకి మార్పించుకోండి, మేస్త్రీకి వారం పని.